కాన్వాసా, పేస్టింగా, ఇంటర్‌లైనింగా? బట్ట లోపల ఏ పొర వేయాలి

మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లి "అర మీటరు కాన్వాస్ ఇవ్వండి" అని అడిగి చూడండి. కౌంటర్ వెనక ఉన్న అబ్బాయి ఎదురు ప్రశ్న వేస్తాడు: "ఏది కావాలండీ? పేపరా, గమ్మా, బక్రమా?" కొత్తగా కుట్టు నేర్చుకుంటున్నవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. అన్నీ తెల్లగానే ఉంటాయి. చేత్తో నలిపి చూసి, గట్టిగా ఉన్నదే మంచిదనుకుని తెచ్చేసుకుంటారు.

మొదట్లో నేనూ అంతే. మా వదిన పట్టు జాకెట్ మెడకి గట్టి గమ్ కాన్వాస్ తెచ్చి నేరుగా పట్టు మీదే ఇస్త్రీ పెట్టి అంటించాను. కుట్టిన రోజు మెడ అద్దంలా నిలబడింది. రెండోసారి డ్రై క్లీనింగ్ నుంచి వచ్చేసరికి మెడ చుట్టూ శనగగింజంత బుడగలు లేచాయి. కుట్టు విప్పి చూస్తే కాన్వాస్ సగం ఊడిపోయి, జిగురు చుక్కలు మాత్రం పట్టుకే అతుక్కుని ఉన్నాయి. అవి వదల్లేదు. అది ఆవిడ పెళ్లి చీరలోంచి తీసిన ముక్క, మళ్లీ దొరికేది కాదు. ఆ తర్వాతే ఈ లోపలి పొరల సంగతి శ్రద్ధగా నేర్చుకున్నాను. పైకి కనిపించే బట్ట కోసం గంటసేపు వెతికే మనం, దాన్ని నిలబెట్టే పొర దగ్గరకొచ్చేసరికి నిమిషం కూడా ఆలోచించం. ఆ నిమిషంలో ఏం చూడాలో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు పేర్ల గందరగోళం

ఇంగ్లిష్ కుట్టు పుస్తకాల లెక్క ప్రకారం ఇంటర్‌ఫేసింగ్ అంటే ఆకారం నిలబెట్టడానికి వేసేది: కాలర్, కఫ్, మెడ, బెల్ట్, గుండీల పట్టీ. ఇంటర్‌లైనింగ్ అంటే పై బట్టకీ లైనింగుకీ మధ్య వెచ్చదనం కోసం వేసేది. ఇంతవరకు స్పష్టంగానే ఉంది. కానీ రెడీమేడ్ దుస్తుల పరిశ్రమలో కాలర్‌లో వేసే పొరనే ఇంటర్‌లైనింగ్ అంటారు. అందుకే షర్టుల ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు "కాలర్ ఇంటర్‌లైనింగ్" అన్నదాన్నే, అమెరికాలో కుట్టు క్లాసుకి వెళ్లే చెల్లెలు "ఇంటర్‌ఫేసింగ్" అంటుంది. ఇద్దరిదీ తప్పు కాదు. మన టైలర్లకి ఈ తేడాలేవీ లేవు, అన్నీ కాన్వాసే.

| పొర | ఎక్కడ ఉంటుంది | ఏం చేస్తుంది | మన దగ్గర పేరు |
|---|---|---|---|
| ఇంటర్‌ఫేసింగ్ | కొన్ని భాగాల్లోనే | ఆకారం, బలం | కాన్వాస్, పేస్టింగ్ (ఇస్త్రీతో అంటించేది), బక్రం |
| ఇంటర్‌లైనింగ్ | బట్టకీ లైనింగుకీ మధ్య | వెచ్చదనం, ఒత్తు | స్పాంజ్, దూది పొర |
| లైనింగ్ | లోపలి వైపు, ఒంటికి తగిలేలా | కుట్లు దాచడం, సౌకర్యం | లైనింగ్, అస్తరు |
| అండర్‌లైనింగ్ | పై బట్ట మొత్తానికి కలిపి | పల్చటి బట్టకి బరువు | దీన్నీ లైనింగే అంటాం |

ఆఖరి వరుస కాస్త చూడండి. మన జాకెట్లలో చాలావాటికి లైనింగ్ ముక్కనీ పై ముక్కనీ కలిపి, రెండూ ఒకే బట్ట అన్నట్టు కుడతారు. పుస్తకం ప్రకారం అది అండర్‌లైనింగ్. యూట్యూబ్‌లో విదేశీ వీడియో చూసి మన జాకెట్ కుట్టబోతే తేడా వచ్చేది ఇక్కడే.

ఇంటర్‌లైనింగ్ కూడా మనకి కొత్తేమీ కాదు. బొంత అదే కదా. పైనొక పాత చీర, కిందొక చీర, మధ్యలో ఉతికి ఉతికి మెత్తబడిన పంచెలూ దుప్పటి ముక్కలూ పరిచి, పొరలు జరక్కుండా వరసగా దారం వేస్తారు. బొంతకి వెచ్చదనం ఆ మధ్య పొర వల్లే.

దేన్ని చూసి ఎంచుకోవాలి

నాలుగు విషయాలు చూడాలి. నా దృష్టిలో ఈ వరసలోనే చూడాలి.

మొదటిది ఉతుకు. ఆ బట్ట వాషింగ్ మెషిన్‌లోకి వెళ్తుందా, బకెట్లోకా, డ్రై క్లీనింగుకా? అంటించే రకాల్లో జిగురు ఏదన్నదాన్ని బట్టి మన్నిక మారుతుంది. షర్టు కాలర్ల కోసం తయారైనవాటిలో ఎక్కువగా పాలిథిలీన్ జిగురు ఉంటుంది. ఉతుకుకి బాగా ఆగుతుంది, కానీ అంటుకోవడానికి గట్టి వేడీ ఒత్తిడీ కావాలి. డ్రై క్లీనింగుకి వెళ్లే కోట్ల రకాల్లో పాలిఅమైడ్ జిగురు వాడతారు. బట్టల షాపులో జిగురు పేరు అడిగితే చెప్పరు. "ఇది షర్టుకా, కోటుకా?" అని అడగండి, చెప్తారు.

రెండోది వేడి. పై బట్ట ఎంత ఇస్త్రీ తట్టుకుంటుంది? మంగళగిరి కాటన్ ఎంతైనా తట్టుకుంటుంది. జార్జెట్, నెట్, ప్లాస్టిక్ పొర మీద చేసిన చౌక జరీ తట్టుకోలేవు, ముడుచుకుపోతాయి. అలాంటి బట్టకి జిగురు రకం అసలే వద్దు.

మూడోది పై బట్ట బరువు. లోపలి పొర ఎప్పుడూ పై బట్ట కంటే కాస్త మెత్తగానే ఉండాలి. రెండూ కలిశాక విడివిడిగా ఉన్నప్పటికంటే బిగుసుకుంటాయి, జిగురు చల్లారాక ఇంకాస్త. షాపులో "ఇది మరీ మెత్తగా ఉందే" అనిపించిన రకమే చాలాసార్లు సరిపోతుంది.

నాలుగోది చోటు. కాలర్‌కి నిలబడే గుణం కావాలి, గుండీల పట్టీకి చిరగని బలం కావాలి, మెడకి సాగకుండా పట్టుకునే గుణం చాలు. వాటికి తగ్గట్టు ఒకే షర్టులో రెండు రకాలు వేయడం తప్పేమీ కాదు.

పేపర్ కాన్వాస్

నేత ఉండదు. పీచుని పరిచి అతికించి చేసింది కాబట్టి పడుగు పేక లేవు, ఏ వైపు తిప్పి కత్తిరించినా ఫర్వాలేదు, అంచులు పోగులు ఊడవు. చవక. మెడ ఆకారం గీసుకోవడానికి, నేర్చుకునే రోజుల్లో పాడైనా బాధ లేకుండా వాడడానికి ఇదే మేలు. బ్యాగులకి, ఫైల్ కవర్లకి మందపాటి రకం బాగుంటుంది.

కానీ బట్టతో కలిసి ఒంటికి తగ్గట్టు వంగదు. మడత పడ్డచోట గీత మిగిలిపోతుంది. వారం వారం ఉతికే చుడీదార్ మెడకి పల్చటిది వేస్తే కొన్నాళ్లకి లోపల ముద్దలా చేరుతుంది. రోజువారీ బట్టలకి నేను మానేశాను.

నేసిన గమ్ కాన్వాస్

కాటన్ గుడ్డకి ఒకవైపు జిగురు చుక్కలు. బట్టే కాబట్టి బట్టలాగే వంగుతుంది. షర్టు కాలర్లకి, కఫ్‌లకి, లాల్చీ పట్టీకి, బోట్ నెక్ జాకెట్లకి దీనికి సాటి లేదు. దీనికి నిలువు, అడ్డం ఉంటాయి. పై బట్ట నిలువు ఎటు ఉందో దీని నిలువూ అటే పెట్టి కత్తిరించాలి. ముక్క మిగుల్చుకుందామని అడ్డంగా కోస్తే కాలర్ ఒకవైపు మెలితిరుగుతుంది.

దీనితో ఉన్న చిక్కల్లా కుంచించుకుపోవడం. గుడ్డ కాటన్ కదా. గోరువెచ్చని నీళ్లలో పావుగంట మడతలు లేకుండా నానబెట్టి, పిండకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. ఇస్త్రీ చేయకూడదు, అప్పుడే అంటుకుపోతుంది. పై బట్టనీ ముందే ఉతికి ఉంచాలి. ఒకటి కుంచించుకుని ఇంకొకటి కుంచించుకోకపోతే వచ్చేవే ఆ బుడగల్లో సగం. మిగతా సగం వేడి చాలకపోవడం వల్ల. ఫ్యాక్టరీ ప్రెస్ కోసం చేసిన కాలర్ గుడ్డని ఇంటి ఇస్త్రీ పెట్టెతో అంటిస్తే అంటినట్టే కనిపిస్తుంది, మూడో ఉతుకుకి వదిలేస్తుంది.

సాగే రకం

టీ షర్టు బట్ట, లైక్రా కలిసిన బట్టలకి అల్లిక రకం ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే పొర) ఉంటుంది. అడ్డంగా లాగితే సాగుతుంది. సాగే బట్టకి సాగని కాన్వాస్ వేస్తే మెడలోంచి తల దూరదు, లేదా కుట్టు తెగుతుంది. మెత్తటి పట్టుకి కూడా, నేరుగా కాకుండా లైనింగ్‌కి అంటించి వేస్తే, ఇది బాగా నప్పుతుంది, బిరుసెక్కించదు.

కుట్టి వేసేవి

జిగురు లేని పొర: పాప్లిన్, మల్, ఆర్గంజా, లేదా నేసిన మామూలు కాన్వాస్. కచ్చా కుట్టు వేసి పట్టుకోవాలి, మెడ కుట్టాక కుట్టు అవతల మిగిలిన కాన్వాస్‌ని కుట్టు దగ్గర దాకా కత్తిరించేయాలి, లేకపోతే మెడ చుట్టూ తాడులా లావుగా ఉంటుంది. పని ఎక్కువ. అయినా పట్టు విషయంలో నేను ఇప్పుడు దీనికే కట్టుబడి ఉన్నాను. ఊడడానికి జిగురే లేదు, మచ్చ పడే భయం లేదు, పదేళ్ల తర్వాత జాకెట్ వదులు చేయాల్సి వచ్చినా విప్పుకోవచ్చు. పట్టు జాకెట్లు మన ఇళ్లలో ఒక్క మనిషితో ఆగవు కదా, తల్లి నుంచి కూతురికి వెళ్తాయి.

ఉప్పాడ లాంటి పల్చటి బట్టకీ నెట్‌కీ ఆర్గంజా వేయండి. అదే రంగుది దొరికితే లోపల పొర ఉన్నట్టే తెలియదు. జిగురు రకం వేస్తే చుక్కలు పైకి ఊరి, వెలుతురులో మెరుస్తూ కనిపిస్తాయి.

మగ్గం వర్క్ చేయించిన జాకెట్ల గురించి ఒక్క మాట. వర్క్ అయ్యాక పేస్టింగ్ పెట్టకండి. ఇస్త్రీ వేడికి చమ్కీలు వంకర పోతాయి, పూసలు అడ్డొచ్చి జిగురు సమంగా అంటదు. కాన్వాస్‌ని లైనింగ్ ముక్కకి అంటించి, ఆ లైనింగ్‌ని జాకెట్‌కి కుట్టి తిరగేయండి. పై బట్టకి వేడే తగలదు.

బక్రం

గంజి లేదా రెసిన్ పట్టించి బిగించిన గుడ్డ. కర్టెన్ పైపట్టీకి, లెహంగా నడుము బెల్ట్‌కి, టోపీలకి సరైనది. గంజి రకమైతే ఉతికితే మెత్తబడిపోతుంది. జాకెట్ మెడకి మాత్రం వేయకండి, గుచ్చుకుంటుంది.

లెహంగా అంచు విచ్చుకుని నిలబడాలంటే బక్రం కంటే నైలాన్ జల్లెడ పట్టీ మేలు. దాన్ని ఇంగ్లిష్‌లో ఇప్పటికీ గుర్రపు వెంట్రుకల పట్టీ అనే పిలుస్తారు. ఒకప్పుడు నిజంగానే గుర్రపు వెంట్రుకలతో నేసేవారు. గౌను అంచుని విచ్చుకునేలా నిలబెట్టే గట్టి గుడ్డకి ఉన్న క్రినొలిన్ అన్న పేరులోనూ గుర్రపు వెంట్రుకకి ఫ్రెంచి మాట దాగి ఉంది.

కోటులో ఏముందో

పెళ్లికి సూటు కుట్టించేటప్పుడు ఇది అడిగి తీరాలి. మూడు పద్ధతులున్నాయి.

| పద్ధతి | ఛాతీ భాగంలో | ఎవరికి |
|---|---|---|
| ఫ్యూజ్డ్ | ముందు భాగమంతా జిగురు పొర | ఏడాదికి రెండు మూడుసార్లు వేసేవారికి |
| హాఫ్ కాన్వాస్ | పైభాగంలో కుట్టిన కాన్వాస్, కింద జిగురు పొర | తరచూ వేసేవారికి |
| ఫుల్ కాన్వాస్ | భుజం నుంచి అంచు దాకా కుట్టిన కాన్వాస్ | ఏళ్ల తరబడి ఉంచుకునేవారికి |

కోటు కాన్వాస్ మన జాకెట్ కాన్వాస్ కాదు. అందులో మేక లేదా గుర్రపు వెంట్రుకలు కలిపి నేస్తారు, నలిపి వదిలితే మళ్లీ విచ్చుకుంటుంది. దాన్ని చిన్న చిన్న చేతి కుట్లతో పట్టిస్తారు, అందుకే అంత ఖరీదు. టైలర్ ఫుల్ కాన్వాస్ అని చెప్పి ఇచ్చాడా అన్న సందేహం వస్తే, అడుగు గుండీ కింద పై బట్టనీ లోపలి లైనింగునీ రెండు చేతుల వేళ్లతో పట్టుకుని విడదీసి చూడండి. మధ్యలో విడిగా కదిలే మూడో పొర వేళ్లకి తగలాలి. అక్కడ తగలక ఛాతీ దగ్గర మాత్రమే తగిలితే హాఫ్ కాన్వాస్. ఎక్కడా తగలకపోతే అంటించిందే.

పెళ్లి రోజూ రిసెప్షనూ తప్ప వేసుకోని అబ్బాయికి ఫుల్ కాన్వాస్ కోసం డబ్బు పోయమని నేను చెప్పను. మంచి ఫ్యూజ్డ్ కోటు చాలు, కాకపోతే ఊరికే డ్రై క్లీనింగుకి ఇవ్వకుండా గాలికి ఆరబెట్టి బ్రష్ చేసుకోవాలి. కోర్టుకి రోజూ కోటుతో వెళ్లే లాయర్లకి హాఫ్ కాన్వాస్ కుట్టుకూలి దండగ కాదు.

వెచ్చదనం కోసం వేసే ఇంటర్‌లైనింగ్

మన ఊళ్లలో దీని అవసరం తక్కువ. షికాగోలోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురికి కోటు కుట్టి పంపాలనుకుంటే మాత్రం ఇదే కీలకం. ఫ్లానెల్ పల్చగా ఉండి ఒళ్లు లావుగా చూపదు. క్విల్ట్ చేసిన పాలియెస్టర్ పొర ఎక్కువ వెచ్చన, తేలికగా ఆరుతుంది, ఉబ్బుగా మాత్రం కనిపిస్తుంది. ఉన్ని పొర అన్నిటికంటే బాగుంటుంది, డ్రై క్లీనింగ్ తప్పదు. ఏది వేసినా కోటు కొలతలో వదులు ముందే ఉంచాలి. మామూలు కొలతకి కోసేసి తర్వాత పొర ఇరికిస్తే చంక దగ్గర పట్టేస్తుంది, చెయ్యి లేవదు. చేతుల్లో పల్చటి పొర, వీపుకీ ఛాతీకీ మందపాటిది వేయడం నాకు నచ్చిన పద్ధతి.

కర్టెన్లకి కూడా చలి దేశాల్లో ఇలాంటి మధ్య పొర వేస్తారు. మే నెల ఎండకి మనకి కావాల్సింది అది కాదు, వెలుతురు రానివ్వని బ్లాకౌట్ లైనింగ్.

తొందరగా చూసుకోవడానికి

| కుట్టేది | వేయాల్సింది | వద్దు |
|---|---|---|
| కాటన్ షర్టు కాలర్ | నేసిన గమ్ కాన్వాస్ | పేపర్ |
| కంచి, గద్వాల పట్టు జాకెట్ మెడ | కుట్టి వేసే పాప్లిన్, లేదా లైనింగ్‌కి అంటించిన పల్చటి గమ్ | పట్టుకి నేరుగా గమ్ |
| నెట్, జార్జెట్ | ఆర్గంజా | ఏ గమ్ అయినా |
| పెడన కలంకారీ కుర్తా | పల్చటి నేసిన గమ్ | బక్రం |
| లైక్రా టాప్ | సాగే ఫ్యూజింగ్ | నేసినది |
| గుడ్డ సంచి | మందపాటి పేపర్ లేదా స్పాంజ్ | పల్చటి గమ్ |

చిన్నపిల్లల బట్టలకి అసలు కాన్వాసే వద్దంటాను. మెడకి క్రాస్ పీస్‌తో (ఏటవాలుగా కోసిన పట్టీతో) పైపింగ్ వేస్తే చాలు. మెత్తగా ఉంటుంది, గీసుకోదు, సాగకుండా పట్టుకుంటుంది. కూలికి కుట్టేవారికి నా సలహా వేరు: నేసిన గమ్ కాన్వాస్ పల్చటిదీ మధ్యస్థం ఒకటీ ఎక్కువ మొత్తంలో కొని నానబెట్టి ఆరబెట్టి ఉంచుకోండి. పట్టు జాకెట్ వచ్చినప్పుడు కుట్టి వేసే పద్ధతికి అదనపు కూలి ఎందుకో కస్టమర్‌కి ముందే చెప్పండి. చెప్తే ఒప్పుకుంటారు.

ఇవే మాటలు వేరే చోట్ల

నెట్‌లో ఈ మాటలు ఇంగ్లిష్‌లో వెతికితే కుట్టుతో సంబంధం లేనివీ వస్తాయి. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకి ఇంటర్‌ఫేసింగ్ అంటే 8086 ప్రాసెసర్‌కి కీబోర్డునో మోటారునో కలపడం, మధ్యలో 8255 చిప్ పెట్టి. అక్కడా రెండిటి మధ్య ఒకటి ఉంటుంది, రెండిటికీ సరిపడాలి. మీరు ఎంచుకోవాల్సింది కుట్టుగుడ్డ అయితే వెతికే మాటకి "ఫ్యూజిబుల్" అని తగిలించండి, చిప్‌లు పక్కకి పోతాయి.

విమానయానంలో ఇంటర్‌లైనింగ్ అంటే రెండు కంపెనీల విమానాలు ఒకే టికెట్ మీద కలవడం. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి టికెట్ తీసేవాళ్లకి ఇది నిజంగా ఉపయోగం. విడివిడిగా రెండు టికెట్లు కొంటే కొన్నిసార్లు చవక పడుతుంది, కానీ మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే రెండో కంపెనీ బాధ్యత తీసుకోదు. సామాను కూడా మధ్యలో మళ్లీ తీసుకుని ఇవ్వాల్సి రావచ్చు. ఇంటర్‌లైన్ ఒప్పందం ఉన్న ఒకే టికెట్ అయితే సామాను ట్యాగ్ చివరి ఊరిదాకా పడుతుంది. అప్పుడు కూడా అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులో సాధారణంగా కస్టమ్స్ కోసం సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి ఉంటుందని వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లకి ఆ టెన్షన్ తగ్గించడానికి ఒకే టికెట్టే తీయమంటాను.

అంటించే ముందు నాలుగు అంగుళాల ముక్క

ఏ గమ్ కాన్వాస్ ఎంచుకున్నా ఇది మానొద్దు. పై బట్టలోంచి నాలుగు అంగుళాల ముక్క, కాన్వాస్‌లోంచి దానికంటే కొంచెం చిన్న ముక్క కోయండి. కాన్వాస్‌ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఒకవైపు చుక్కలు మెరుస్తాయి, వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది. ఆ వైపు బట్ట లోపలి ముఖం మీద పడాలి. తిరగేసి పెడితే జిగురంతా ఇస్త్రీ పెట్టెకి అంటుకుంటుంది.

పైన పల్చటి కాటన్ గుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టెని ఆన్చి నొక్కి పట్టి పది, పన్నెండు లెక్కపెట్టండి. జరపకండి. జరిపితే కరుగుతున్న జిగురుతో పాటు గుడ్డా జరిగి ముడత పడుతుంది. ఎత్తి పక్కన పెట్టి మళ్లీ నొక్కాలి, ఒక నొక్కుడు ఇంకో నొక్కుడు మీదికి కాస్త వచ్చేలా. కాటన్‌కైతే పై గుడ్డ తడిపి పిండి వేస్తే ఇంకా బాగా పడుతుంది. పట్టు ముక్క మీద తడి వద్దు, నీటి మచ్చ మిగులుతుంది.

అయ్యాక వెంటనే తీయకండి. జిగురు గట్టిపడేది చల్లారేటప్పుడే. అయిదు నిమిషాలు అలాగే వదిలేసి, మూలన గోరుతో లేపి చూడండి. లేస్తే వేడి చాలలేదు, లేదా ఆ రకం మీ ఇస్త్రీకి నప్పదు. లేవకపోతే వేలికి చుట్టి చూడండి: గుండ్రంగా తిరగాలి, మూలలుగా విరిగినట్టు మడత పడకూడదు. ఆ తర్వాత ఆ ముక్కని, కుట్టబోయే బట్టని ఎలా ఉతుకుతారో అలాగే రెండుసార్లు ఉతకండి. డ్రై క్లీనింగుకి వెళ్లేదైతే ఇంట్లోంచి వెళ్లే ఏదో ఒక చీర కొంగుకి పిన్ను పెట్టి ఆ ముక్కనీ పంపండి. అది బుడగ లేకుండా తిరిగొచ్చాకే అసలు బట్ట మీద కత్తెర పెట్టండి.